అరవై కిలోల మూట

ఓబులేసు మాస్టారిని ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. చేతిలో ఉన్న మడత పూర్తిచేసి, గుడ్డ మీద అరచేతితో ఒకసారి రాసి, అప్పుడు తలెత్తేవారు. అప్పుడైనా ఫలానాది చెయ్యమనో మానమనో అనరు. తాను ఎప్పుడో చూసిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు. అడిగినవాళ్ళు దాన్ని ఇంటికి మోసుకెళ్ళి ఏం చేసుకుంటారన్నది ఆయనకు పట్టేది కాదు.

ఆయన పనిచేసిన షెడ్డు ఇప్పుడు లేదు. సముద్రానికి పది మైళ్ళ లోపల, ఒక చిన్న విమానాల మైదానం పక్కన ఉండేది. పారాషూట్లు మడిచి సిద్ధం చేయడం అక్కడ మా పని. మేము వాటిని గొడుగులనేవాళ్ళం. పొడుగాటి బల్లలు ఆరు ఉండేవి. తడిసి వచ్చిన గొడుగులను వేలాడదీసి ఆరబెట్టడానికి తాటిచెట్టంత ఎత్తున ఒక గది ఉండేది. మధ్యాహ్నం ఆ గది తలుపు తీస్తే గాలి కింది నుంచి లోపలికి దూరి, పైన వేలాడే తెల్లటి గుడ్డలన్నీ ఒక్కసారిగా పొంగేవి. ఆ చప్పుడు విని చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా ఉతికిన దుప్పటి దులిపితే నేను చదివే పేపరు దించి అటు చూస్తాను.

మాస్టారిది తాడిపత్రి వైపు. ముప్పై ఏళ్ళు కోస్తాలో ఉన్నా మాట మారలేదు. మా బల్లల మీద పని నేర్చుకున్నవాళ్ళలో ఆయనకు ఎక్కువ నమ్మకం జలజాక్షి మీద. ఆమె పంతొమ్మిదో ఏట కుట్టుపనికి వచ్చింది. ఎనిమిదేళ్ళు ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆమె మడిచిన గొడుగును మాస్టారు విప్పి చూడడం మానేసిన రోజున మేమందరం ఆమెకు లడ్డూలు తినిపించాం. తరువాత ఆమెను ఒక జట్టుకు పెద్దను చేశారు. కొత్తవాళ్ళకు నేర్పడం, వాళ్ళ పని సరిచూసి సంతకం పెట్టడం ఆమె బాధ్యత.

ఒక శుక్రవారం టీ వేళ ఆమె మాస్టారి బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఎదురు బల్ల మీద నేనున్నాను.

"మాస్టారూ, ఎదుటి మనిషి నొచ్చుకోకుండా తప్పు చెప్పే దారి ఏదైనా ఉందాండీ?"

మాస్టారు మడత ముగించారు. గుడ్డ మీద చెయ్యి రాశారు. "ఎవరికి చెప్పాలమ్మా?" అన్నారు.

మార్తమ్మకు చెప్పాలి. మార్తమ్మ భర్త మా షెడ్డులోనే పనిచేసి, జబ్బుచేసి పోయాడు. ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. నలభై దాటిన మనిషి. ఎప్పుడూ తల దించుకునే ఉండేది. పని శ్రద్ధగానే చేసేది కానీ తాళ్ళు సర్దేటప్పుడు ఒక్కోసారి కట్టలో ఒక మెలి వదిలేసేది. ఆ మెలితో గొడుగు ఆలస్యంగా విచ్చుకోవచ్చు, లేదా అసలు విచ్చుకోకపోవచ్చు. జలజాక్షి అది కనిపెట్టింది. చెబితే ఆమె కుంగిపోతుందని చెప్పలేదు. సాయంత్రం అందరూ వెళ్ళాక తానే విప్పి, తానే మళ్ళీ మడిచి, మడిచినవాళ్ళ పేరు రాసే కార్డు మీద మార్తమ్మ పేరే ఉంచింది.

"ఎన్ని తూర్లు?" అని మాస్టారు అడిగారు.

"మూడుసార్లండి."

"ఆమెకు తెలుసునా?"

"తెలియదండి. బాగా చేస్తున్నావనే చెబుతున్నాను. ధైర్యం వస్తే అదే కుదురుకుంటుందని." మళ్ళీ తానే, "సోమవారం నుంచి ఆమె ఒంటరిగా మడవాలి. ఆ గొడుగులు సరుకు మూటలకు కావు మాస్టారూ, దూకే మనుషులకు," అంది.

మాస్టారు ఆమెను కూర్చోమన్నారు. నన్ను కూడా పిలిచారు. అప్పుడాయన చెప్పిన సంగతి ఇది. నాకు గుర్తున్నంతవరకు ఆయన చెప్పిన వరసలోనే రాస్తున్నాను.

అప్పటికి ఓబులేసుకు ఇరవై నాలుగేళ్ళు. ఖాదర్‌వలీ ఉస్తాదు దగ్గర శిష్యరికం. ఉస్తాదు తక్కువ మాట్లాడే మనిషి. గొడుగు సంగతి ఆయన ఒక్క ముక్కలో చెప్పేవాడు: "మన్ను పిలుస్తాది, గాలి ఆపుతాది. ఇద్దరికీ సమానంగా పని ఇయ్యి." ఓబులేసు ఆ మాట పాఠంలా అప్పజెప్పేవాడు గానీ, లోపల తన మనసంతా గాలి పక్షమే. విమానం నుంచి పడే వస్తువును నేలే కదా పగలగొట్టేది, గాలే కదా కాపాడేది అనుకునేవాడు. ఆ వయసులో ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆ ఏడు కార్తీకంలో పెద్ద తుఫాను వచ్చింది. ఏటి మధ్య ఉన్న పావురాళ్ళ లంక అనే ఊరు చుట్టూ నీళ్ళు కమ్ముకున్నాయి. రెండు వందల మందికి పైగా జనం బడి కప్పు మీదా, దాని పక్కనున్న కరకట్ట ముక్క మీదా చిక్కుకున్నారు. పడవలు పోయే వీలు లేదు. మూడో రోజున విమానం నుంచి తిండి దించమని ఆజ్ఞ వచ్చింది. అటుకులు, వేయించిన శనగపప్పు, బెల్లం, పాలపొడి డబ్బాలు, మందు సీసాలు. అన్నీ గోనెసంచుల్లో మూటలు కట్టాలి. మూటకొక నూలు గొడుగు.

ఉస్తాదు లెక్క కట్టి అట్ట ముక్క మీద రాసిపెట్టాడు. మూట అరవై కిలోలు. ఎత్తు ఎనిమిది వందల అడుగులు. గాలి పడమటి నుంచి సముద్రం వైపు వీస్తుంది గనుక, బడికి ఎంత ఇవతల వదలాలో గజాలతో సహా రాశాడు. రాసి, ఇంకో మైదానం నుంచి గొడుగులు తేవడానికి లారీ ఎక్కి వెళ్ళాడు. పోతూ పోతూ "బరువు తగ్గించొద్దు" అన్నాడు.

ఆయన వెళ్ళాక ఓబులేసు మైదానంలోనే ఒక మూటను విమానం నుంచి దించి చూశాడు. మూట దభీమని పడింది. సంచి చిరిగి, బెల్లం మట్టిలో చెదిరి, రెండు మందు సీసాలు పగిలాయి. ఆ పగిలిన సీసాలు చూసి అతనికి మనసొప్పలేదు. మూడు రోజులుగా పస్తులున్న జనం నెత్తిన ఇంత బరువు ఇంత వేగంగా దించుతామా అనిపించింది. మూటలన్నీ విప్పి సగానికి సగం చేశాడు. ముప్పై కిలోలు. గొడుగు మాత్రం అదే.

పొద్దున్నే గాలి లేని వేళ మళ్ళీ దించి చూశాడు. ఈసారి మూట తేలుతూ వచ్చి, కోడిపెట్ట గూట్లో కూర్చున్నట్టు గడ్డి మీద కూర్చుంది. ఒక్క సీసా బీట వారలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. "ఆ చప్పట్లు నాకు శానా నచ్చినాయి," అని మాస్టారు మాతో అన్నారు.

విమానం లేచేసరికి పదకొండు దాటింది. అప్పటికి గాలి పెరిగింది. మూటలు పద్దెనిమిది. తలుపు దగ్గర నిలబడి తోసేవాడు ఓబులేసే. ఉస్తాదు అట్ట మీద రాసిన చోటుకు రాగానే పైలట్ గంట మోగించాడు. ఆ చోటు అరవై కిలోలకు కట్టిన చోటన్న సంగతి ఓబులేసుకు తట్టలేదు. పద్దెనిమిదీ ఒకదాని వెంట ఒకటి తోసేశాడు.

గొడుగులన్నీ విచ్చుకున్నాయి. ఎండలో తెల్లగా, ఎక్కడా తొందర లేకుండా దిగుతున్నాయి. విమానం ఒక చుట్టు తిరిగింది. బడి కప్పు మీద జనం చేతులు చాచారు. ఒకామె పైట కొంగు రెండు చేతులా పట్టి నిలబడింది. బరువు మూటైతే ముప్పై లెక్కపెట్టేలోపు నేల తాకేది. ఓబులేసు నలభై దాకా లెక్కపెట్టాడు. మూటలింకా గాలిలోనే ఉన్నాయి. గాలి వాటిని కప్పు మీదుగా, కరకట్ట మీదుగా, కొబ్బరి తలల మీదుగా మెల్లగా పక్కకు తోసుకుపోతోంది. చేతులు చాచిన జనం చాచిన చేతులతోనే అటు తిరిగారు. పద్దెనిమిది మూటలూ ఊరు దాటి ఏటి నీళ్ళలో దిగాయి. అక్కడి నుంచి సముద్రం ఎంతో దూరం లేదు.

అప్పుడు కప్పు మీది నుంచి ఒక మనిషి నీళ్ళలోకి దూకడం ఓబులేసు చూశాడు. ఆ మనిషి అన్నిటికంటే దగ్గరున్న గొడుగు వైపు ఈదుతున్నాడు. విమానం వంగి మలుపు తిరిగింది. మళ్ళీ ఆ చోటికి వచ్చేసరికి అతను గానీ ఆ గొడుగు గానీ కనపడలేదు.

సాయంత్రానికి ఉస్తాదు తిరిగొచ్చాడు. ఓబులేసు జరిగినదంతా చెప్పి, తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. తిడతాడనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. గొడుగులు చాలక షెడ్డులో మిగిలిపోయిన సగం మూటల్లో ఒకదాన్ని ఉస్తాదు చేత్తో ఎత్తి చూసి కింద పెట్టాడు.

"మన్ను పనిని నువ్వు సగం తీసేసినావబ్బీ," అన్నాడు. "మన్ను పిలుపు తగ్గితే మూట గాలి మాటే వింటాది. ఎంతసేపు గాలిలో ఉంటే అంతసేపు వింటాది."

"సీసాలు పగిలినాయి ఉస్తాద్. నేను చూసినా."

"నేనూ చూసినా, నీకంటే ముందు. మెత్తదనం పెట్టాలంటే మూట కింద పెట్టు. బరువులో పెట్టొద్దు."

ఆ మాట అన్నాక ఇద్దరూ పనిలోకి దిగారు. వరిగడ్డి తెప్పించి, ఒక్కో మూట అడుగున మోచేతి మందాన పరిచారు. సంచిలో సంచి పెట్టారు. సీసాలను అటుకుల నడుమ పాతారు. బరువు మళ్ళీ అరవై చేశారు. చీకటి పడకముందే కుట్టు ముగించారు. చివరి మూట కుడుతున్నప్పుడు ఓబులేసు చేతులు ఆగిపోతే, సూది ఉస్తాదు తీసుకున్నాడు.

తెల్లవారి విమానం వెళ్ళింది. ఆ రోజూ గాలి ఉంది. మూటలు వేగంగా దిగాయి, చూడ్డానికి అందంగా లేవు. ఒకటి బడి కప్పు అంచు పగలగొట్టింది. ఒకటి చిరిగి అటుకులు కరకట్ట బురదలో పడ్డాయి. రెండు నీళ్ళపాలయ్యాయి. మిగిలినవన్నీ జనం మధ్యన పడ్డాయి. బురదలో పడిన అటుకులను ఇద్దరు ముసలివాళ్ళు కూర్చుని ఏరుకుని తినడం ఓబులేసు పైనుంచి చూశాడు. తలుపు పట్టీ పట్టుకున్న చెయ్యి వదలలేక, దిగేటప్పుడు పైలట్ వచ్చి విడిపించాల్సి వచ్చిందట.

నీళ్ళలోకి దూకిన మనిషి పేరు పోలయ్య. పడవ నడిపేవాడు. మూటను పట్టుకున్నాడు గానీ వరద ఎదురీదలేక దానితోపాటే కొట్టుకుపోయి, ఒక తాటిచెట్టుకు తగిలి, కాలు విరిగి, మరునాటిదాకా ఆ చెట్టునే కరుచుకుని ఉన్నాడు. నీళ్ళు తీశాక ఆస్పత్రిలో చేర్చారు. ఓబులేసు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆ మూటలు కట్టింది నేనేనని చెప్పాడు. నాలుగు తిట్లు తింటే తన గుండెల్లో బరువు కొంత దిగుతుందని ఆశపడ్డాడు.

పోలయ్య తిట్టలేదు. మంచం అంచున జరిగి చోటిచ్చి కూర్చోమన్నాడు. "ఎంత ముద్దుగా దిగిందనుకున్నావు బాబూ," అన్నాడు. "అంత నిమ్మళంగా వత్తన్నాది గదా, మనకోసమేగా వత్తన్నాది, చేతికందకుండా ఎక్కడికి పోద్దిలే అని దూకేశాను."

ఆ తరువాత కూడా పోలయ్య పడవ నడిపాడు. కుంటుతూ నడిపాడు. ఓబులేసు ఏడాదికోసారి ఆ లంకకు వెళ్ళి వచ్చేవాడు. పోలయ్య పోయేదాకా వెళ్ళాడు.

మాస్టారు ఇంతవరకు చెప్పి లేచారు. చల్లారిన టీ బయట పారబోసి, గ్లాసు కడిగి బోర్లించి, ఇంకో గొడుగు బల్ల మీదికి లాగారు. జలజాక్షి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. నేను మాత్రం, ఇదేమిటి, ఆమె అడిగిందొకటైతే ఈయన చెప్పిందొకటి అనుకున్నాను. అప్పట్లో నేనంతే.

మరునాడు పొద్దున, ఇంకా ఎవరూ రాకముందే, జలజాక్షి మార్తమ్మను తన బల్ల దగ్గరికి పిలిచింది. ఆమె క్రితం రోజు మడిచిన గొడుగును ఆమె ముందే విప్పింది. మెలి పడిన చోట ఆమె వేలు పట్టి ఆనించింది. ఇది నాలుగోసారి అని చెప్పింది. ముందు మూడుసార్లు తానే విప్పి మడిచిన సంగతీ, చెప్పకుండా దాచిన సంగతీ చెప్పింది. ఈ మెలితో మనిషి దూకితే ఏమవుతుందో, ఏ మాటా మింగకుండా చెప్పింది. చెప్పి, కుర్చీ తెచ్చుకుని మార్తమ్మ పక్కనే కూర్చుంది. సోమవారం ఒంటరిగా మడవడం లేదనీ, ఎన్నాళ్ళు పట్టినా ఆ కుర్చీ అక్కడే ఉంటుందనీ అంది.

మార్తమ్మ ఏడ్చింది. సోమవారం పనికి రాలేదు. జలజాక్షి ఆ రోజంతా తలుపు వైపు చూస్తూనే ఉంది. ఒక తాడును రెండుసార్లు తప్పు లెక్కపెట్టింది. ఆమె అలా తప్పడం నేను చూసింది ఆ ఒక్కరోజే. మంగళవారం మార్తమ్మ వచ్చింది. తల దించుకునే వచ్చి, బల్ల దగ్గర చెప్పులు విడిచి, తాళ్ళు చేతిలోకి తీసుకుని అంది.

"మొదటిసారే చెప్పుంటే, మీకు ఆ మూడు గొడుగులూ మళ్ళీ మడిచే పని తప్పేది గదమ్మా."

ఆ కుర్చీ అక్కడ ఇరవై రెండు రోజులుంది. తరువాత మార్తమ్మే దాన్ని తీసి గోడవార పెట్టింది. ఆమె పదకొండేళ్ళు మాతో పనిచేసింది. ఆమె మడిచిన గొడుగుతో దూకి దిగినవాళ్ళు కొందరు పండగలకు స్వీటు పొట్లాలు పంపేవారు. ఆమె వాటిని విప్పకుండా జలజాక్షి బల్ల మీద పెట్టేది. జలజాక్షి మళ్ళీ ఆమె బల్ల మీద పెట్టేది. చివరికి తినేది మేము.

మాస్టారు రిటైరైన రోజు నాకు బాగా జ్ఞాపకం. వైశాఖం, సాయంత్రం నాలుగైంది. దండలు, ఉపన్యాసాలు అయిపోయాయి. ఆయన ఆరు బల్లల దగ్గరికీ వెళ్ళి ఒక్కో బల్లను అరచేతితో రాసి వచ్చారు. ఆరబెట్టే గది తలుపు తీయించి, పైకి చూస్తూ కొంతసేపు నిలబడ్డారు. రైలుకింకా టైముందని మాస్టారూ, జలజాక్షీ, నేనూ మైదానం అంచున గట్టు మీద కూర్చున్నాం. ఆ రోజు అక్కడ కొత్తవాళ్ళు దూకుతున్నారు. దూరంగా గొడుగులు ఒకటొకటి విచ్చుకుంటుంటే, ఇది నీది, ఇది ఫలానావాళ్ళది అని మాస్టారు జలజాక్షికి చెబుతున్నారు. అన్నేళ్ళలో మేం ముగ్గురం అలా ఊరికే కూర్చోవడం అదే మొదలు. అదే చివర కూడా అయింది.

అప్పుడు జలజాక్షి అడిగింది. అన్నేళ్ళుగా మనసులో ఉంచుకున్నట్టుంది.

"మాస్టారూ, పోలయ్య పట్టుకున్నది పోగా మిగిలిన ఆ పదిహేడు మూటలు ఏమయ్యాయండీ? తరువాతైనా ఎక్కడన్నా దొరికాయా?"

మాస్టారు దిగుతున్న గొడుగు నేల తాకేదాకా చూశారు.

"దొరకలేదమ్మా," అన్నారు. "దొరికుంటే చూసేదానివి. ఒక్క సీసా కూడా పగిలుండదు."